ఇంటి పొదుపు – పద్యధారణ

తెలుగు పద్యమును గూర్చిన విమర్శ ఎక్కువగా రాజసభను, పండితగోష్ఠిని ఆశ్రయించి సాగినది. కృతి నిచ్చినవారెవరు, అందుకొన్నవారెవరు, శయ్య యెట్టిది, పాకమెట్టిది అను ప్రశ్నలకు విమర్శకులు విశేషముగా శ్రమించిరి. ఆ పద్యము తుదకు ఏ ఇంటికి చేరినది, అక్కడ ఎవరి నోట నిలిచినది, ఏల నిలిచినది అను ప్రశ్నలకు అంతటి ఆదరము లభింపలేదు. అచ్చుపుస్తకము సామాన్యుని చేతికి రాకముందు తాళపత్రగ్రంథము పండితుని ఇంటనో, దేవాలయమునందో, సంస్థానమునందో ఉండెడిది. తక్కిన ఇండ్లలో ఉన్న సాహిత్యమంతయు నోటనున్నదే. ఆ ఇండ్లు సంపన్నమైనవి కావు. ఏటికొకసారి వచ్చు పంటను పన్నెండు నెలలకు పంచుకొని బ్రతుకు సంసారములవి. కావున తెలుగువారి పద్యధారణను గూర్చి మాటలాడుట యనగా, పొదుపుగా సాగిన కాపురమును గూర్చి మాటలాడుటయే యగును.

ఈ రెంటికిని గల సంబంధము పైపై పోలిక కాదు. పొదుపెరిగిన ఇల్లాలు వస్తువును ఇంటికి తెచ్చుకొనునపుడు మూడు విషయములు చూచును: ఇది పనికి వచ్చునా, నిలువయుండునా, అవసరమైనపుడు చేతికందునా? మనస్సున పద్యమును దాచుకొను మనిషి కూడ తెలిసియో తెలియకయో ఈ మూడింటినే చూచును. ఎంత ప్రౌఢమైన పద్యమైనను పనికిరానిది రెండు తరములు దాటి నోట నిలువదు. పనికి వచ్చునదైనను నడక కుదరనిచో చెదిరిపోవును. నడక కుదిరినను, దానిని జ్ఞప్తికి తెచ్చు సందర్భము నిత్యజీవితమున లేనిచో అటకమీది పాత్రవలె మరుగున పడును. ఈ దృష్టితో చూచినచో తెలుగు ఇల్లు ఏ కావ్యములను నిలుపుకొన్నది, వేనిని విడిచినది అను విషయము ఒక విధమైన సాహిత్యవిమర్శగా కనబడును. ఆ విమర్శను చేసినవారు పేరు లేని తల్లులు, అమ్మమ్మలు, వీధిబడి పంతుళ్ళు.

మొదట ప్రబంధములలోని గృహమును చూడవలెను. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుని ఇల్లు సమృద్ధికి నిలయము. వేయిమంది వచ్చినను వండుటకు అలయని ఇల్లాలు, అర్ధరాత్రమున వచ్చిన అతిథికైనను లోటులేని భోజనము అచ్చట కలవు. ఇది గృహస్థధర్మమునకు ఆదర్శమే. అయినను ఆ ఇంటిలో కొరత యన్నది లేదు గనుక, కొరతను ఎదుర్కొను నేర్పు కూడ కనబడదు. ఆ ఇల్లాలి చేయి ఎంత పెద్దదో కవి చెప్పెను గాని, ఆమె గాదెను ఎట్లు కనిపెట్టుకొన్నదో చెప్పలేదు.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఆ నేర్పును వర్ణించినవాడు సాక్షాత్తు చక్రవర్తి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టు భోజనమును ఋతువుల వారీగా చెప్పెను. ఆకాశము నీటిబుగ్గయై జడిపట్టిన దినములలో వండు ఇల్లాలి కన్నులకు పొగ సోకకుండ కొబ్బరికాయనుండి మిగిలినదే వంటచెరకగుట, వరి అన్నము, ఒలిచిన పప్పు, కొన్ని కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి విస్తరిలోనికి వచ్చుట అందు కలవు. వరుగులును వడియములును జడివానలో పుట్టవు. ఎండ కాసిన దినములలో ఒక స్త్రీ ముందుచూపుతో ముక్కలు కోసి ఎండబెట్టినందున వానలో విస్తరికి ఎక్కినవి. ఒక్క విస్తరిలో రెండు ఋతువుల గృహకృత్యము ఇమిడియున్నది. అదే కావ్యమున వర్షర్తువును వర్ణించునపుడు నిప్పుకొరకు ఇల్లిల్లు తిరుగు స్త్రీని, ఎంత ఊదినను రాజుకొనని పొయ్యిని కూడ రాయలు విడువలేదు. ఇంతటి సూక్ష్మదృష్టి ఉండియు ఆ పద్యములు సామాన్యుల ఇండ్లలో కంఠస్థము కాలేదు. కారణము వస్తువు కాదు, భాష. ఇంటిని గూర్చి చెప్పిన మాట ఇంటివారికి అందని పదబంధముతో వచ్చినది. పండితులు దానిని ప్రేమించిరి. ఆ పొయ్యి ముందు నిజముగా కూర్చున్న స్త్రీకి అది చేరలేదు.

పోతన మహాకవి ఈ దూరమును దాటినాడు. భాగవత దశమస్కంధమునందలి కుచేలోపాఖ్యానము దారిద్ర్యమును గూర్చిన కథగా ప్రసిద్ధము. సూక్ష్మముగా చూచినచో అది మితమును గూర్చిన కథ. సంసారభారమును మోయుచున్న భార్య భర్తను బాల్యమిత్రుని చూచి రమ్మన్నది. చినిగిన వస్త్రపు కొంగున కొన్ని అటుకులు ముడివేసి పంపినది. ద్వారకలో శ్రీకృష్ణుడు ఒక పిడికెడు ఆరగించి, రెండవ పిడికెడు అందుకొనబోవగా రుక్మిణి వారించినది. ఇచ్చు చేతికిని ఒక కొలత ఉండవలెనని ఎరిగిన గృహిణి ఆమె. ఇరువురు మిత్రులును కలిసికొన్నపుడు ముచ్చటించుకొన్నది కూడ ఐశ్వర్యమును గూర్చి కాదు. గురుపత్ని పంపగా అడవికి కట్టెలకు పోయి వానలో చిక్కుకొన్న రాత్రిని తలచుకొనిరి. కట్టెలు, వాన, అటుకులు, చినిగిన కొంగు అను నాలుగు వస్తువులతోనే ఆ కథ నడచినది. అక్షరము రాని స్త్రీలు సైతము ఈ కథను, గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రను పద్యములతో సహా చెప్పగలుగుటకు భక్తి యొక్కటే కారణమనుట చాలదు. పోతన సంస్కృతసమాసమును వాడినపుడు కూడ అంత్యప్రాసలతోను, పదముల పునరుక్తితోను నోటికి దారి చూపెను. అర్థము కొంత ఆలస్యముగా తెలిసినను పలుకు ముందే పట్టుబడును. పిదప వయస్సుతోపాటు అర్థము వచ్చి చేరును.

అయినను తెలుగు ఇంటికి నిత్యవ్యవహారమున పనికివచ్చినవి శతకములు. ఇందు ఛందస్సు చేసిన ఉపకారము గమనింపదగినది. సుమతీశతకము కందములలో నున్నది. కందమునకు నాలుగు పాదములు, పదునారు గణములు, గణమునకు నాలుగు మాత్రల చొప్పున అరువదినాలుగు మాత్రలు. గణములలో ఏది ఎక్కడ రావలెనో, ఎక్కడ రాకూడదో నియమము కలదు. నాలుగు పాదములకును ప్రాస, రెండవ నాలుగవ పాదములలో యతి. ఇన్ని కట్టుబాట్లు కవికి భారముగా తోచవచ్చును గాని, జ్ఞప్తియుంచుకొనువానికి అవి పట్టుగొమ్మలు. ఒక మాట మరచినచో ప్రాసాక్షరము దానిని పిలిచి తెచ్చును. యతిస్థానము తప్పును పట్టి యిచ్చును. చివరి సంబోధన ఒక్క చిన్న పదమే యగుటచే తక్కిన స్థలమంతయు విషయమునకే దక్కినది.

వేమన మార్గము వేరు. ఆటవెలదిలో మొదటి, మూడవ పాదములకు మూడు సూర్యగణములును రెండు ఇంద్రగణములును, రెండవ, నాలుగవ పాదములకు అయిదేసి సూర్యగణములును కలవు. అందు నాలుగవ పాదము మకుటము. అనగా ఒక పద్యము నేర్చిన బాలునకు తక్కిన పద్యములన్నిటిలో నాలుగవ వంతు ముందే వచ్చియుండును. మిగిలిన మూడు పాదములలో వేమన సాధారణముగా ఒక వస్తువును, దానికి సాటియైన లోకవృత్తమును నిలుపును. ఆ వస్తువులు ఎక్కడివి? ఉప్పు, కర్పూరము, మేడిపండు, కుక్క, చెప్పు, రాయి, కుండ. ఇవి వంటయింటిలోను, పెరటిలోను, వీధిలోను నిత్యము కంటబడునవి. వేమన పద్యము నిలుచుటకు ముఖ్యకారణమిదియే. ఉప్పును చేత పట్టినపుడెల్ల ఉప్పును గూర్చిన పద్యము మనస్సునకు వచ్చును. మేడిపండు చీల్చినపుడెల్ల దానిని గూర్చిన పద్యము తనంత తానుగా పలుకును. పుస్తకము తెరువనక్కరలేదు; ఇల్లే పుస్తకమై ఆ పద్యములను ప్రతిదినము పునశ్చరణ చేయించును. చంద్రుని, తామరను, చకోరమును ఉపమానములుగా గ్రహించిన ప్రబంధపద్యమునకు ఈ సహాయము లేదు. చకోరమును చూచినవారెవరు?

పండితులు చాలకాలము లెక్కింపని ఈ కవిని లోకము కాపాడిన తీరు చరిత్రప్రసిద్ధము. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కింటిని సేకరించి, పోల్చి, ఏర్చి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. ఆ ప్రతులలో పాఠభేదములు విస్తారము. నోటినుండి నోటికి పోవు సాహిత్యమునకు అది తప్పని వెల. ఒక ఇంట ఒక మాట మారును, మరియొక ఇంట ఒక పాదము మారును, ఎవరో కట్టిన పద్యము మకుటము తగిలించుకొని వేమనదిగా చెల్లును. ధారణ శిలాశాసనము కాదు. అది వాడుకలో అరిగి నునుపెక్కు రోకలివంటిది.

స్త్రీల ధారణను వేరుగా చెప్పవలసియున్నది. వీధిబడి తలుపు వారికి చాలకాలము మూసియుండెను. అయినను తెలుగు ఇంటిలో అతి దీర్ఘములైన రచనలను కంఠస్థము చేసినవారు వారే. కుశలవుల కుచ్చల కథ, శాంతకల్యాణము, ఊర్మిళాదేవి నిద్ర మొదలైన రామాయణపు పాటలు విసురునప్పుడు, దంచునప్పుడు, చల్ల చిలుకునప్పుడు, పెండ్లి పేరంటములలోను సాగినవి. పనికిని పాటకును లయ యొక్కటే యగుటచే పాట పనిని మోసినది, పని పాటను నిలిపినది. బిరుదురాజు రామరాజు 1958లో వెలువడిన తెలుగు జానపదగేయ సాహిత్యమను గ్రంథమున ఇట్టి సంపదను శాస్త్రీయముగా పరిశీలించి, దానికి విశ్వవిద్యాలయ గౌరవమును సంపాదించిపెట్టెను. ఈ పాటలలో వాల్మీకి యుద్ధములు కుదించుకొనిపోయి, అత్తవారింటి మర్యాదలు, వదినెమరదళ్ళ ఎత్తిపొడుపులు, వేవిళ్ళు, పురుళ్ళు, సారెలు విస్తరించినవి. పదునాలుగేండ్లు ఎవరికిని పట్టని ఊర్మిళకు ఒక పాట యంతయు దక్కినది. తమ జీవితమునకు పనికివచ్చు భాగమును పెంచుకొని, పనికిరాని భాగమును విడిచిపెట్టిన ఈ స్త్రీలు చేసినది కేవలము వల్లెవేయుట కాదు, అది కావ్యపునర్నిర్మాణము. మొల్ల తన రామాయణపీఠికలో, విన్నంతనే అర్థము కాని కవిత్వమును మూగకును చెవిటికిని జరుగు ముచ్చటగా నిరసించుట ఈ సంప్రదాయమునకు తగిన మాట.

ఇంతవరకు చెప్పినదంతయు ధారణకు స్తోత్రముగా తోచవచ్చును. కాని పొదుపరి ఇంటిలో కూడ పురుగు పట్టిన గింజ ఉండును. సుమతీశతకము ఎట్టి ఊరిలో కాపురముండవలెనో చెప్పుచు అప్పిచ్చువానిని, వైద్యుని, ఎడతెగక పారు ఏటిని, ద్విజుని లెక్కించినది. వైద్యుని, ఏటిని ఎవరును కాదనరు. అప్పిచ్చువాడు మొదటివాడగుట ఆనాటి గృహస్థుని ఆర్థికస్థితికి సాక్ష్యము. ఎంత పొదుపు చేసినను అప్పు తప్పని బ్రతుకది. తుది లెక్క ఆనాటి సంఘము యొక్క కొలమానము. ఆ శతకములోనే స్త్రీలను నమ్మరానివారుగా, వశము చేసికొనవలసినవారుగా చెప్పిన పద్యములును కలవు. కుమారీశతకము అణకువ యొక్కటే ఆడపిల్లకు విద్యయని నేర్పినది. ఈ పద్యములు కూడ అదే కందమున, అదే యతిప్రాసలతో, అంతే సులభముగా పసినోటికి ఎక్కినవి. ఛందస్సు మంచిచెడ్డలు ఎరుగదు. అయిదేండ్లవాడు అర్థము తెలియక నేర్చిన తిరస్కారము ఏబదియేండ్లవానికి సామెతయై, తీర్పై పలుకును. ప్రశ్నింపబడని మాటకు, చిన్ననాడే నోటికి వచ్చిన మాటకు, లోకములో ఎంత బలమున్నదో చూచినచో ధారణను గూర్చి నిర్లక్ష్యముగా ఉండుటకు వీలులేదని తెలియును.

దీనికి మందు వల్లెవేయుటను మానుట కాదు, ఏరుట. బియ్యములో రాళ్ళున్నవని ఎవరును అన్నము మానరు. చేటలో పోసి ఏరుదురు. శతకమంతయు ఒక్కముద్దగా అప్పగించు పద్ధతి పోయి, తాత్పర్యము విడమరచి, నేటికి చెల్లునది నిలిపి, చెల్లనిది చెల్లదని చెప్పి నేర్పు పద్ధతి రావలెను. ఈ ఏరు పనిలో వేమనయే సహాయుడు. కులమును, ఆడంబరమును, అర్థము లేని ఆచారమును అంత తేటగా నిలదీసిన పద్యములు ఉండగా, సుమతిలోని ఒక పద్యమునకు వేమనలోని మరియొక పద్యమును ఎదురు నిలిపి బాలునిచే ఆలోచింపజేయవచ్చును. అర్థముతో నేర్చిన రెండు పరస్పరవిరుద్ధ పద్యములు అర్థము లేక నేర్చిన నూరు పద్యములకంటె ఇంటికి మేలు చేయును.

ఆధునిక వచనము వచ్చిన పిదప ఇంటిపొదుపు సాహిత్యమున కథావస్తువైనది. కందుకూరి వీరేశలింగము 1878లో ఆరంభించిన రాజశేఖరచరిత్రము సారాంశమున ఒక ఇల్లు కరిగిపోయిన కథ. పొగడ్తకు లొంగి, ఇచ్చకపు మాటలవారికి తలుపులు తెరచి, బంగారము చేయునన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు నిండు సంసారమును పోగొట్టుకొనును. దుర్వ్యయము అజ్ఞానముతో జంటగా వచ్చునని వీరేశలింగము దృష్టి. భండారు అచ్చమాంబ 1902 నాటి ధనత్రయోదశి కథలో పండుగవేళ చేత డబ్బులేని దంపతులను చూపి, తప్పుదారి పట్టబోవు భర్తను భార్య వివేకముతో నిలిపినట్లు చిత్రించెను. కొడవటిగంటి కుటుంబరావు చదువు నవల సుందరమను బాలుని అక్షరాభ్యాసముతో మొదలై, మధ్యతరగతి ఇల్లు చదువుకొరకు పెట్టిన ఖర్చుకు ప్రతిగా ఏమి వచ్చినదని లెక్క అడుగును. ఇంటి జమాఖర్చును ఇంత నిజాయితీతో పరిశీలించుట పద్యసాహిత్యమునకు సాధ్యము కాలేదు. కాని ఈ రచనలలోని ఒక్క పుటయు ఇండ్లలో కంఠస్థము కాలేదు. వచనము ఇంటిని గూర్చి ఎక్కువ చెప్పినది, ఇంటిలో తక్కువ నిలిచినది. ఇది వచనమునకు దోషము కాదు గాని, తెలుగు సాహిత్యమునకు వచ్చిన ఒక చీలిక.

ఆధునిక పద్యకవిత ఈ చీలికను పూడ్చినదా? కొంత పూడ్చినది. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములలోని పద్యములు హార్మోనియము శ్రుతితో పల్లెపల్లెకు పోయి, బడిముఖము చూడని రైతుల నోట నిలిచినవి. జాషువ శ్మశానపద్యములు హరిశ్చంద్ర నాటకప్రదర్శనలోనికి వచ్చి, ఎవరి కావ్యమందలివో తెలియనివారిచే కూడ పాడబడినవి. 1941లో వెలువడిన గబ్బిలము, రాత్రివేళ అస్పృశ్యుని గుడిసెలోనికి వచ్చిన జీవిని దూతగా గ్రహించినది. హంసకును మేఘమునకును బదులు, పేదవాని ఇంటిచూరు తెలిసిన గబ్బిలము. వేమన ఉప్పును గ్రహించినట్లే జాషువ గబ్బిలమును గ్రహించెను. అందుచేతనే ఆ పద్యము పేదవానికి తనదిగా తోచినది. శ్రీశ్రీ అగ్గిపుల్లయు, సబ్బుబిళ్ళయు కవిత్వమునకు తగినవేయని చాటినపుడు ఈ ధర్మమునే సిద్ధాంతముగా చెప్పినట్లయినది. 1950లో గ్రంథరూపము ధరించిన మహాప్రస్థానము వృత్తములను విడిచినను మాత్రాలయను విడువలేదు. కావున యువకులు దానిని పుటలకు పుటలుగా అప్పగించిరి. పాత ఛందస్సు ఉన్ననే ధారణ యుండునను వాదము దీనితో నిలువదు.

తరువాత వచ్చిన వచనకవిత్వము ప్రజలకొరకని ఆరంభమైనది. దాని ఆశయము గొప్పది. సూటిదనమును, సమకాలీనతను తెలుగు కవితకు తెచ్చినది. కాని అందు అధికభాగము కంటితో చదివి పుట తిప్పుటకే వ్రాయబడినది. లయను విడిచిన కవి దానికి బదులుగా జ్ఞప్తికి మరియొక ఆధారమును కల్పింపవలెను: తిరిగివచ్చు ఒక మాట, మరపురాని ఒక వస్తువు, విరిగిపోని ఒక వాక్యము. ఏదియు కల్పింపనిచో ఎంత ఉదాత్తమైన భావమైనను పత్రిక మడతలోనే ఉండిపోవును. పేదవానికొరకు వ్రాసిన కవిత పేదవాని నోటికి రాకపోవుట కవి గమనింపదగిన విషయము.

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. రెండు తెలుగు రాష్ట్రములకు వెలుపల చెన్నై, బెంగళూరు, ముంబయి, ఢిల్లీ నగరములలో స్థిరపడిన కుటుంబములలో తెలుగు లిపి రాని పిల్లలు ఉన్నారు. వారికి తెలుగు సాహిత్యము చేరవలసినచో నోటిద్వారమున చేరవలెను. చేతిలోని ఫోనులో వేయి శతకములు ఉన్నను, అడిగినగాని అది పలుకదు. కష్టము వచ్చినపుడు ఏమి అడుగవలెనో తోచని మనిషికి లోపలినుండి తనంత తానుగా వచ్చు నాలుగు పాదములు వేరు. రోగశయ్యపైనను, ప్రయాణమునందును, ఉద్యోగము పోయిన దినమునను అక్కరకు వచ్చునవి అవియే. ఖర్చు లేకుండ సంపాదింపదగినది, పంచినకొలది తరుగనిది, పేదయిల్లు పిల్లలకు నిజముగా ఇయ్యగలిగినది ఈ ఆస్తి.

ఆ ఆస్తిలో నేటి రచయితల వాటా ఎంత అనునది విచారింపదగినది. ఇంటి వస్తువులు మారినవి. రోలు, తిరుగలి, పిడక పోయినవి. గ్యాసు పొయ్యి, కుక్కరు, రేషను కార్డు, నెలవాయిదాల పుస్తకము వచ్చినవి. నెలాఖరు దినములను లెక్కపెట్టుకొను ఇల్లాలు మాత్రము అట్లే యున్నది. కూడుకొన్నది ఆమెతోపాటు ఉద్యోగము కూడ. ఈ వస్తువులను చేత పట్టినపుడు పలుకవలసిన పద్యము ఇంకను వ్రాయబడవలసియున్నది. వ్రాయువారు నూటికి నూరు రచనలను ఆ విధముగనే వ్రాయనక్కరలేదు. పుటకొరకు వ్రాయునవి పుటకొరకే యుండవచ్చును. కాని ఒక కవి జీవితకాలమున కనీసము పది పద్యములైనను, అర్థము చెడక, అన్యాయము నేర్పక, వంటయింటి పనిలో చదువుకొనుటకు వీలుగా కుదిరినచో, అవి ఏ బహుమతిపట్టికలోను చేరకున్నను తరువాతి తరమునకు చేరును.